జొన్నలు చేరాక, సంకటి ఉడికే దాకా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

2023 ఏప్రిల్ 15న సూడాన్ సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య మొదలైన యుద్ధం కోటి మందికి పైగా జనం చేత ఇళ్లు వదిలించింది. వాళ్లకు తిండి ఎలా చేరుతోంది, చేరింది ఎందుకు చాలడం లేదు అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు రాస్తున్నాం. అక్కడి ముఖ్యాహారం మనకు కొత్తది కాదు. చాలా చోట్ల జొన్న, పడమట డార్ఫర్‌లో సజ్జ. మరిగే నీళ్లలో పిండి పోసి కెలికి ముద్ద చేసే వాళ్ల అసీదా మన సంకటికి తోబుట్టువు. కాబట్టి ఈ లెక్కలను మన వంటింట్లో నిలబడే సరిచూసుకోవచ్చు.

ప్రశ్న: శిబిరంలో ఒక మనిషికి రోజుకు ఎంత తిండి లెక్కగడతారు? ఆ కొలత అందరికీ ఒకటేనా? — గృహిణి, నిజామాబాద్

మనిషికి రోజుకు 2,100 కిలో కేలరీలు (వాడుకలో కేలరీలు అనేది వీటినే). స్ఫియర్ పేరుతో సహాయ సంస్థలన్నీ కలిసి రాసుకున్న ప్రమాణాల్లోనూ, ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్కల్లోనూ ఇదే అంకె. ఇందులో 10 నుంచి 12 శాతం శక్తి మాంసకృత్తుల నుంచి, కనీసం 17 శాతం కొవ్వు నుంచి రావాలి. పసిపిల్లలు, ముసలివాళ్లు, బరువు పనులు చేసేవాళ్లు అందరినీ కలిపి తీసిన సగటు ఇది. అందుకే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని వాటాలు ఇస్తారు, పిల్లవాడని తగ్గించరు. చలి పెరిగినా, శ్రమ పెరిగినా కొలత పెంచాలి.

సరుకుల్లో చెప్పాలంటే రోజుకు జొన్నలు 400 గ్రాములు, పప్పు 60, నూనె 25, విటమిన్లు కలిపిన మొక్కజొన్న–సోయా పిండి 50, చక్కెర 15, అయోడిన్ ఉప్పు 5. మొత్తం 555 గ్రాములు. పదివేల మందికి నెల రోజులకు జొన్నలే 120 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 2,400. పప్పు 18 టన్నులు, నూనె ఏడున్నర, పోషక పిండి 15, చక్కెర నాలుగున్నర, ఉప్పు ఒకటిన్నర. అన్నీ కలిపి 166.5 టన్నులు, పది టన్నుల లారీలు పదిహేడు.

ఈ జాబితాలో అందరూ చిన్నచూపు చూసేది నూనెను. 25 గ్రాములంటే రెండు పెద్ద చెంచాలు కూడా నిండదు. అది రాకపోతే మనిషికి 220 కేలరీలు పోతాయి. ఆ లోటు పూడ్చాలంటే ఇంకో 65 గ్రాముల జొన్నలు వండాలి, అది సంకటిగా మారితే మూడింతలు ఉబ్బుతుంది. పెద్దవాళ్లు తింటారేమో గాని, రెండేళ్ల పిల్ల పొట్టలో అంత ముద్ద పట్టదు. నూనె డబ్బా రాని నెలలో ముందు చిక్కిపోయేది పిల్లలే.

నిధులు తగ్గినప్పుడు సగం వాటా ఇస్తామని ప్రకటిస్తారు. ఆ సగం కూడా మొత్తం పొట్టలోకి పోదు. పిండి మర కూలి, కట్టెలు, సబ్బు, మందుబిళ్ల అన్నీ ఆ సంచిలోంచే కొనాలి. జనం సహాయ సరుకు అమ్ముకుంటున్నారని మన పత్రికల్లోనూ చదువుతుంటాం. చేతిలో పైసా లేనివాడికి ఆ జొన్నలే డబ్బు. దాన్ని మోసంగా చూడటం అన్యాయం.

ప్రశ్న: గింజలు కాకుండా నేరుగా పిండే పంపితే ఆడవాళ్లకు కష్టం తప్పుతుంది కదా? — పిండి మర యజమాని, కర్నూలు

మర నడిపే మీకు పిండి సంగతి తెలిసిందే. పొట్టుతో సహా ఆడించిన పిండి ఆరు నుంచి ఎనిమిది వారాలకే కమురు వాసన పడుతుంది. ఓడలో రేవుకు చేరి, గోదాంలో ఆగి, లారీలో చెక్‌పోస్టులన్నీ దాటి శిబిరానికి వెళ్లేసరికి అంత కాలం దారిలోనే గడుస్తుంది. గింజలైతే తేమ 13 శాతం లోపు ఉంచి, నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చి, గోడకు ఎడంగా పెడితే నెలల తరబడి నిలుస్తాయి. దూరం నుంచి గింజలు తేవడం, శిబిరం దగ్గర ఆడించడం — వీలైన చోటల్లా ఇదే సరైన పద్ధతి.

తప్పు జరిగేది ఆ రెండో సగంలో. గింజలు ఇచ్చి మర సంగతి మరిచిపోతారు. అప్పుడు మర కూలి కింద గింజలే కొలిచి ఇవ్వాల్సి వస్తుంది. అందుకని గింజలు పంచే చోట 10 నుంచి 20 శాతం ఎక్కువ ఇవ్వాలన్నది నియమం. 400 గ్రాముల చోట 440 నుంచి 480. ఆ పైవాటా కోసేస్తే 2,100 కేలరీలు కాగితం మీదే మిగులుతాయి.

యుద్ధంలో మరలకు ఇంకో గండం డీజిల్. అది ఆగిపోతే రోట్లో దంచాలి. దంచి చెరిగితే పొట్టుతో పాటు బరువు తగ్గుతుంది, కొన్ని విటమిన్లూ పోతాయి. ఇక పప్పు. నానబెట్టని ఎండు చిక్కుళ్లు ఉడకడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అన్ని కట్టెల కోసం ఆడవాళ్లు శిబిరం దాటి పోవాలి. డార్ఫర్‌లో ఆడవాళ్ల మీద దాడులు ఎక్కువగా జరిగింది అలాంటి దారుల్లోనే. అందుకే చిక్కుళ్లకు బదులు త్వరగా ఉడికే ఎర్ర కందిపప్పు, అంటే మైసూర్ పప్పు ఇవ్వడం, మూత ఉన్న గిన్నె, మట్టి పొయ్యి కూడా సరుకుల్లో భాగంగా లెక్కించడం ప్రాణాలు కాపాడే నిర్ణయాలు.

ప్రశ్న: సరుకు సరిపడా ఉన్నా పంపిణీలో గొడవలు, తొక్కిసలాటలు ఎందుకు? — డిగ్రీ విద్యార్థి, విజయనగరం

తన వంతు వచ్చేసరికి సరుకు ఉంటుందో లేదోనన్న భయమే మొదటి కారణం. ఎవరికి, ఎంత, ఏ రోజు అన్నది ముందే బోర్డు మీద, చదువురాని వాళ్ల కోసం బొమ్మలతో, అక్కడి భాషలో చెబితే సగం తోపులాట తగ్గుతుంది. ఒక్కో చోట ఇరవై వేల మందికి మించకుండా చూడాలి. వాళ్లను కూడా వాడల వారీగా వేర్వేరు రోజులకు పంచాలి. లోపలికొచ్చే దారి, బయటికెళ్లే దారి వేరుగా ఉండాలి. గర్భిణులకు, వికలాంగులకు, ముసలివాళ్లకు విడి వరుస, నీడ, నీళ్లు ఉండాలి. చీకటి పడకముందే అందరూ ఇళ్లు చేరేలా ముగించాలి.

రెండో కారణం కొలత. మన పాత మానిక గుర్తుందా? అదే మానికతో జొన్నలు ఒక బరువు, పిండి ఇంకో బరువు తూగుతాయి. శిబిరంలోనూ అంతే. ఒక సరుకుకు చేసిన కొలపాత్రతో ఇంకోటి కొలవకూడదు. తలకొట్టి కొలిచే పాత్రను రాశిగా పోసినా, రాశి పాత్రను తలకొట్టినా లెక్క తప్పుతుంది. కొలతలో 5 శాతం తగ్గితే, పైన చెప్పిన 120 టన్నుల్లో 6 టన్నులు ఎవరి చేతిలోనో మిగులుతాయి. బయటికెళ్లే దారిలో ఒక కాటా పెట్టి, ఎవరైనా తమ సంచి తూచుకునే వీలు కల్పించడం అన్నిటికన్నా చవకైన కాపలా.

పెద్దమనుషుల చేతికి సరుకు అప్పగించి పంచమంటే పని త్వరగా అవుతుంది. కానీ కొత్తగా వచ్చినవాళ్లు, వేరే తెగవాళ్లు, మగదిక్కు లేని కుటుంబాలు జాబితాలోంచి జారిపోతాయి. కార్డు ఇంటి ఇల్లాలి పేరు మీద ఉంటే ఈ ముప్పు తగ్గుతుంది.

ప్రశ్న: కాకినాడ రేవు నుంచి ఉప్పుడు బియ్యం ఆఫ్రికా దేశాలకు వెళ్తాయి. సహాయంలో కూడా పచ్చి బియ్యం కన్నా ఉప్పుడు బియ్యమే మేలంటారు, నిజమేనా? — రైస్ మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

నిజమే. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు తవుడు పొరలోని బి1 విటమిన్ కొంత గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత పాలిష్ పట్టినా అది మిగులుతుంది. పచ్చి బియ్యం పాలిష్ పడితే ఆ విటమిన్ తవుడుతోనే పోతుంది. ఊళ్లో ఉన్నవాడికి కూర, గుడ్డు, పప్పు ఆ లోటు తీరుస్తాయి. శిబిరంలో సంచిలో ఉన్నదే తిండి. 1990ల మొదట్లో నేపాల్‌లోని భూటాన్ శరణార్థుల శిబిరాల్లో పాలిష్ బియ్యం తిన్నవాళ్లలో బెరిబెరి కనిపించింది. ఆ తర్వాత ఉప్పుడు బియ్యానికి మార్చారు.

ఒకే ధాన్యం మీద బతికించడంలో ఉన్న ప్రమాదానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మలావీ. మొజాంబిక్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి అక్కడ తలదాచుకున్నవాళ్లకు మొక్కజొన్నతో పాటు వేరుశనగ ఇచ్చేవారు. 1989లో వేరుశనగ ఆగింది. మరుసటి ఏడాది 18 వేల మందికి పైగా పెల్లాగ్రా సోకింది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబారి పగలడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. కేలరీలు కావలసినన్ని అందుతున్నా నియాసిన్ అనే ఒక్క విటమిన్ లేక వచ్చిన జబ్బు అది.

జొన్నకూ ఈ చరిత్ర ఉంది, అదీ మన దగ్గరే. తెలంగాణలో జొన్న తిండి మీదే బతికే పేద కూలీల్లో పెల్లాగ్రా కనిపించడాన్ని హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో వైద్యలోకం ముందు పెట్టారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కారణమని వాళ్ల ప్రతిపాదన. దాని మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. వాదం ఎటు తేలినా, జొన్నలతో పాటు పప్పో వేరుశనగో తప్పక ఉండాలన్నదాంట్లో తేడా లేదు.

ప్రశ్న: ఎల్ ఫాషర్‌లో జనం వేరుశనగ చెక్క తిని బతికారని చదివాను. మేం పశువులకు పెట్టేది అదే. మనుషులు తినవచ్చా? — వేరుశనగ రైతు, అనంతపురం

అక్కడ దాన్ని అంబాజ్ అంటారు. ఉత్తర డార్ఫర్ రాజధాని ఎల్ ఫాషర్‌ను ఆర్‌ఎస్‌ఎఫ్ 2024 మే నుంచి ముట్టడించి, 2025 అక్టోబరు 26న స్వాధీనం చేసుకుంది. ఆ ఏడాదిన్నరలో లారీలు రాక, బజార్లో గింజ దొరక్క, నూనె మిల్లుల్లో మిగిలిన చెక్కను నానబెట్టి ఉడికించుకు తిన్నారు. చివరికి అదీ కరువైంది.

చెక్కలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. భయమంతా బూజుతో. తడి తగిలిన వేరుశనగకు పట్టే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. గానుగ ఆడినప్పుడు ఆ విషంలో ఎక్కువ భాగం నూనెలోకి కాక చెక్కలోకే చేరుతుంది. ఉడికిస్తే పోదు, వేయిస్తే పూర్తిగా పోదు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పైగా పశువుల మేతగా ఆడించిన చెక్కలో పొట్టు, ఇసుక కలిసి ఉంటాయి. ఆకలితో పేగులు బలహీనపడిన పిల్లలు దాన్ని అరిగించుకోలేరు. తినవచ్చా అని మీరు అడిగారు. వాళ్లకు వేరే దారి లేకుండా చేశారన్నదే దానికి జవాబు.

కరువును లెక్కతో ప్రకటిస్తారు కాబట్టి ఆ లెక్క కూడా చెప్పుకోవాలి. ఒక ప్రాంతంలో అయిదింట ఒక కుటుంబానికి తిండి దాదాపు పూర్తిగా లేకపోవాలి, పిల్లల్లో 30 శాతం చిక్కిపోయి ఉండాలి, ఆకలితోనో ఆకలి వల్ల వచ్చిన జబ్బులతోనో పదివేల మందిలో రోజుకు ఇద్దరు చనిపోతుండాలి. ఎల్ ఫాషర్ పక్కనున్న జంజమ్ శిబిరంలో కరువుందని 2024 ఆగస్టులో, ఎల్ ఫాషర్ నగరంలోనూ దక్షిణాన కాదుగ్లీలోనూ ఉందని 2025 నవంబరులో నిర్ధారించారు. ఆ మాట అధికారికంగా వెలువడే నాటికే ఎన్నో ప్రాణాలు పోయి ఉంటాయి. ప్రకటన కోసం ఆగి సహాయం పంపడమంటే ఇల్లు కాలాక బావి తవ్వడమే.

2018 మే 24న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2417వ తీర్మానంలో, పౌరులను ఆకలితో మాడ్చడాన్ని యుద్ధ పద్ధతిగా వాడటాన్ని ఖండించింది. ఎల్ ఫాషర్ ముట్టడి ఆ తర్వాతే జరిగింది.

ప్రశ్న: బాగా చిక్కిపోయిన పిల్లలకు వెంటనే కడుపు నిండా పెట్టకూడదని క్లాసులో చెప్పారు. ఎందుకు? — నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు

ఆకలికి అలవాటుపడ్డ ఒంట్లో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా తిండి పడగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన ఆ కాస్త లవణాలను కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పుతుంది. తిండి దొరికిన రోజునే బిడ్డ పోవడానికి కారణం ఇదే.

ముందు దండచుట్టు, అంటే జబ్బ చుట్టుకొలత, కొలవండి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే అతి తీవ్రం, 115 నుంచి 125 లోపు ఓ మోస్తరు. రెండు పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కితే సొట్ట మిగిలితే, దండచుట్టు ఎంతున్నా అది అతి తీవ్రమే. తర్వాత ఆకలి పరీక్ష. వేరుశనగ ముద్ద పొట్లం ఇచ్చి ఇష్టంగా తింటుందేమో చూడాలి. తిని, వేరే జబ్బు లేకపోతే ఇంటి దగ్గరే చికిత్స. 92 గ్రాముల పొట్లంలో వేరుశనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిసి 500 కేలరీలు ఉంటాయి. ఏడు కిలోల బిడ్డకు రోజుకు రెండు నుంచి రెండున్నర, ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు. నీళ్లు కలపక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. మురికినీళ్ల శిబిరంలో దాని గొప్ప అదే. తాగడానికి మాత్రం పక్కనే మంచినీళ్లు ఇవ్వాలి.

తినకపోతే, లేదా జ్వరం, వాంతులు, మత్తు ఉంటే ఆసుపత్రిలో చేర్చి ఎఫ్–75 అనే పలుచని పాలతో మొదలుపెట్టాలి. వంద మిల్లీలీటర్లకు 75 కేలరీలే. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. ఆ దశలో బరువు పెరగలేదని కంగారుపడొద్దు. వాపు దిగి, ఆకలి తిరిగొచ్చాకే మోతాదు పెంచాలి. ఇంటికి పంపిన పొట్లాలను ఇంట్లో పిల్లలందరికీ పంచేయడం మామూలుగా జరిగే పని. తల్లిని తిట్టి లాభం లేదు. ఆ ఇంటికి రేషన్ కూడా అందేలా చూస్తేనే ఆ బిడ్డ మందు ఆ బిడ్డకు దక్కుతుంది.

ప్రశ్న: దారులు మూసేస్తే విమానాల్లోంచి జారవిడవవచ్చు కదా? — రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

ఆఖరి దారి అది. రోడ్డు కన్నా ఏడు రెట్ల దాకా ఖర్చు. ముప్పై టన్నులు మోసే విమానం ఒకసారి వచ్చి వెళ్తే పై లెక్క ప్రకారం 1,800 మందికి నెల తిండి. సంచులను ఒకదానిలో ఒకటి తొడిగి వదలాలి, కింద మనుషులను తప్పించే బృందం ఉండాలి, ఇరుపక్షాల అనుమతి కావాలి. గాజాలో 2024 మార్చిలో పారాచూట్ తెరుచుకోక సరుకు మీద పడి మనుషులు చనిపోయారు. అంతకన్నా చాద్ సరిహద్దులోని అద్రే దారి తెరిపించడం వేల రెట్లు మేలు. 2024 ఫిబ్రవరిలో మూసి, ఆగస్టులో తెరిచారు. తెరిచేసరికి వానాకాలం. వాగులు పొంగి లారీలు రోజుల తరబడి ఒడ్డున ఆగిపోయాయి.

ప్రశ్న: మా తెలుగు సంఘం తరఫున బియ్యం, పాలపొడి, బట్టలు సేకరించి సూడాన్‌కు పంపాలనుకుంటున్నాం. ఎలా? — డాలస్

సరుకులు పంపకండి. ఓడ కిరాయి, సుంకాలు, గోదాం ఖర్చు సరుకు విలువను మించిపోతాయి. పాలపొడి అసలే వద్దు. మంచి నీళ్లు, కాచడానికి కట్టెలు లేని చోట డబ్బా పాలు పట్టిన పసిబిడ్డకు విరేచనాలు తప్పవు, తల్లి దగ్గర పాలూ ఆగిపోతాయి. తల్లికి తిండి పెడితే ఆమే బిడ్డను కాపాడుకుంటుంది.

డబ్బు పంపండి. సూడాన్‌లో అత్యవసర సహాయ గదుల పేరుతో వాడల్లోని కుర్రవాళ్లు, ఆడవాళ్లు నడిపే వంటశాలలున్నాయి. వాటిని తకాయా అంటారు. పెద్ద సంస్థల లారీలు చేరని చోట పొయ్యి వెలిగించింది వీళ్లే. నూరు మందికి ఒక పూట పెట్టాలంటే జొన్నపిండి 20 కిలోలు, పప్పు 6, నూనె రెండున్నర, ఉప్పు అర కిలో, కట్టెలు, తాగునీళ్లు కావాలి. ఈ లెక్క దగ్గర పెట్టుకుని మీరు పంపేది ఎన్ని పూటలవుతుందో చూసుకోండి. ఈ గదులకు నిధులు చేరవేస్తున్న నమోదైన సంస్థల ద్వారానే పంపండి. ఒకేసారి పెద్ద మొత్తం కన్నా నెల నెలా వచ్చే చిన్న మొత్తం వంటశాలకు ఎక్కువ పనికొస్తుంది. రేపు పొయ్యి వెలుగుతుందో లేదో వాళ్లకు ఈరోజే తెలుస్తుంది. బజారు పూర్తిగా ఎండిపోయిన చోట మాత్రం డబ్బు కూడా పనిచెయ్యదు. అక్కడ ధర పెరుగుతుందే గాని గింజ పుట్టదు. ఏ ఊళ్లో బజారు నడుస్తోందో ఆ సంస్థను అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: 2005 తర్వాత సల్వాజుడుం, మావోయిస్టుల పోరు మధ్య ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయ గిరిజనులు మా మండలం అడవిలో ఉంటున్నారు. వాళ్ల పిల్లలకు తిండి హక్కుగా వచ్చే మార్గం ఉందా? — ఉపాధ్యాయురాలు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

ఉంది, రెండు వైపుల నుంచి మొదలుపెట్టాలి.

మొదటిది అంగన్‌వాడీ. దానికి రేషన్ కార్డు అక్కర్లేదు. 2013 ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం ఇవ్వాలంటోంది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ నివాసమైనా అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. మీరు చేయవలసింది పిల్లల జాబితా. పేరు, తల్లి పేరు, సుమారు వయసు, దండచుట్టు రాసి, సీడీపీవోకు (అంగన్‌వాడీలను పర్యవేక్షించే అధికారికి) ఒక ప్రతి, భద్రాచలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి ఒక ప్రతి ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోండి. 40 మంది లేకపోతే దగ్గరి కేంద్రంలో చేర్చమని, నడవలేని దూరమైతే ఇంటికి సరుకు ఇవ్వమని అడగండి. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషక పిండి రావాలి. అది రోజుకు 80 గ్రాములకు పైనే అవుతుంది. పొట్లం ఇచ్చి వదిలేయకుండా, ఎలా కలపాలో కోయ భాషలో చెప్పేవాళ్లను వెంట తీసుకెళ్లండి.

రెండోది బియ్యం. ఛత్తీస్‌గఢ్‌లో ఆహార భద్రత చట్టం కింద కార్డు ఉన్నవాళ్లు, ఆధార్ దానికి కలిపి ఉంటే, ఇక్కడి రేషన్ డీలర్ దగ్గర వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. కేంద్రం ఇచ్చే వాటాయే వస్తుంది, రాష్ట్రాలు సొంతంగా ఇచ్చే అదనం రాదు. మెషిన్ కార్డును తీసుకోకపోతే ఎక్కువసార్లు కారణం ఆధార్ కలపకపోవడమో, ఈ–కేవైసీ పూర్తి కాకపోవడమో. 14445 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఇంట్లో కొందరి పేర్లు అక్కడి కార్డులోనే లేకపోవడం కూడా మామూలే. ఊరు కాలిపోయి, కాగితాలన్నీ పోయిన కుటుంబాలవి. అలాంటివారికి ఇక్కడ కొత్త కార్డుకు దరఖాస్తు చేయించేటప్పుడు పాత కార్డు రద్దు పత్రం కావాలని తిప్పి పంపుతారు. దరఖాస్తుతో పాటే, పాత కార్డు లేదని రాతపూర్వకంగా వాంగ్మూలం జత చేసి ఇవ్వండి.

జాబితా మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. వానలు పడితే ఆ దారులు మూసుకుపోతాయి, సరుకు వాగుకు ఇవతలే ఆగిపోతుంది. జూన్ రాకముందే రెండు నెలల బాలామృతం ఒకేసారి అటు చేర్చమని సీడీపీవోను ఇప్పుడే అడిగి పెట్టుకోండి.